పొగ చూసి జబ్బు చెప్పే పనితనం

సెకండ్‌హ్యాండ్ బండి కొన్న కొద్దిరోజులకే ఇంజను మొరాయిస్తే, రావికమతం లాంటి మండల కేంద్రంలో రైతుకైనా కూలీకైనా దిక్కు రోడ్డు పక్క మెకానిక్కే. నాడి పట్టే వైద్యుడిలా ఆయన ముందు ఇంజను చప్పుడు వింటాడు. నీలం పొగ వస్తే ఇంజనాయిల్ మండుతోందని, పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయని పోల్చుకుంటాడు. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు. ప్లగ్గు విప్పి చూస్తాడు. ఇటుక రంగులో ఉంటే మంచిదే. మసి పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్ విప్పాల్సిందే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బళ్లన్నీ దాదాపు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. వాటిని బాగుచేసే విద్య కూడా పని చేస్తూనే నేర్చుకోవాలి. శుభ్రం చేస్తే సరిపోయేదానికి ఇంజను బోరు పని చెప్పకపోవడమే ఈ వృత్తికి గౌరవం. పాత బండి కొనేముందే మెకానిక్‌కు చూపించండి. ఆయన కూలి దగ్గర బేరమాడకండి.