రెండు ఆటలు ఆడినవాడు

1936 జులైలో మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ మీద తొలి టెస్టు ఆడేనాటికి కోటా రామస్వామికి నలభై నిండాయి. ఎడమచేతి వాటం. ఆ మ్యాచ్‌లో 40, 60 కొట్టారు. తర్వాత ఓవల్‌లో 29, 41 నాటౌట్. ఆడింది ఆ రెండు టెస్టులే, సగటు 56.66.

అంతకు పద్నాలుగేళ్ల ముందే, 1922లో, ఆయన దేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు. మద్రాసు క్రికెట్‌కు పునాది వేసిన మన తెలుగాయన బుచ్చిబాబు నాయుడి కొడుకు. తాతగారింటికి దత్తత పోవడంతో ఇంటిపేరు కోటా అయింది. ఇంగ్లండ్ వాళ్లు ఆర్థర్ మిల్టన్‌ను ఇప్పటికీ తలుచుకుంటారు. 1951లో దేశానికి ఫుట్‌బాల్ ఆడి, 1958లో తొలి టెస్టులోనే సెంచరీ కొట్టినవాడు. మా తంబళ్లపల్లెలో రామస్వామి పేరు చెప్తే ఎవరాయన అంటారు. నాకది బాధ.

అందరికీ అలా కలిసిరాలేదు. అదే 1936లో మద్రాసుకే చెందిన ఎం.జె. గోపాలన్‌కు రెండు దారులు ఎదురయ్యాయి: బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ, లేదా ఇంగ్లండ్ క్రికెట్ టూర్. క్రికెట్‌కు పోయారు. అక్కడ ఒక్క టెస్టులోనూ ఆడించలేదు, బెర్లిన్‌లో మన హాకీ జట్టు బంగారం గెలిచింది. ఆయనకు ఏ ఆటా చేతకాక కాదు, రెండూ ఒకే ఎండాకాలంలో వచ్చి పడ్డాయి.

ఇప్పుడు పదేళ్ల పిల్లోడికే ఆ పరీక్ష పెడుతున్నాం. సాయంత్రాలు నేను పిల్లోళ్లతో వాలీబాల్ ఆడిస్తా. మొన్న ఒక తండ్రి వచ్చి, "సార్, మావాణ్ని మదనపల్లెలో క్రికెట్ కోచింగులో చేర్చినాం. వాలీబాల్ ఆడితే వేళ్లు బెణుకుతాయంట, ఇంక రాడు" అన్నాడు.

ఆ భయం తీసిపారేసేది కాదు, వేళ్లు బెణుకుతాయి. కానీ ఆ పిల్లోడు సర్వీసు ఎత్తేటప్పుడు చూడాలి. బంతి అవతలివాడి చెయ్యి దాటకముందే మోకాళ్లు వంచి, రెండడుగులు పక్కకు జరిగి, కింద కాచుకొని ఉంటాడు. బౌండరీ దగ్గర పైకి లేచిన క్యాచ్ కింద కూడా వాడి కాళ్లు అట్లే సర్దుకుంటాయి. ఆ నడక వాడికి వాలీబాల్ నెట్టు దగ్గరే అబ్బింది.

ఆ తండ్రితో ఇదే చెప్పినా: "అన్నా, కోచింగ్ మాన్పించొద్దు. అది లేని రెండు సాయంత్రాలు నా దగ్గరికి పంపు. వేళ్లకు టేపు నేను చుడతా."