కదిలేది వెనుక పన్ను ఒక్కటేనా?

పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులతో పలువరుసను సరిచేసే చికిత్సను గూర్చిన ప్రకటనలు నేడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం విద్యార్థుల ఫోన్లలోకి కూడ వస్తున్నవి. వాటిలోని కదిలే బొమ్మలో పైదవడ వెనుక పళ్లు నిటారుగా వెనుకకు జరుగుతవి. ముందు పళ్లు కదలక నిలిచి ఉంటవి. చూపున కింపైన ఈ బొమ్మ భౌతికశాస్త్రానికి రెండు చోట్ల విరుద్ధం.

అందులోని సత్యాన్ని ముందు ఒప్పుకొందాం. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఇన్విజలైన్‌తో ఈ పద్ధతి వ్యాప్తికి వచ్చింది. తొడుగు ఆకారానికి, పలువరుసకు గల స్వల్పభేదమే బలాన్ని పుట్టిస్తుంది. ఒక్కొక్క తొడుగు పన్నును సుమారు 0.25 మి.మీ. జరిపేటట్లు రూపొందిస్తారు. ఒత్తిడి పడినవైపు ఎముక కరుగుతుంది. రెండవవైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. మొదట రెండవ చర్వణకాన్ని, తరువాత మొదటి చర్వణకాన్ని, పిదప అగ్రచర్వణకాలను జరపడమూ నిజమే.

ఇక మొదటి లోపం. పొలం గట్టున పాతిన రాతి కూసాన్ని పైభాగాన నెడితే అది వాలుతుందే గాని నిలువుగా జరగదు. పన్నూ అంతే. తొడుగు నెట్టేది కంటికి కనిపించే భాగాన్ని; అడ్డు నిలిచేది ఎముకలోని వేరు. కనుక పన్ను వాలడానికి చూస్తుంది. దీనిని తగ్గించడానికే వైద్యులు పళ్లపై చిన్న బొడిపెలను అతికిస్తారు.

రెండవది ఇంకా పెద్ద లోపం. మదనపల్లె మార్కెట్టులో టమాటా పెట్టెను నెట్టే హమాలీ కాలికి నేలపట్టు కావాలి. నేల జారితే అతడే వెనుకకు పోతాడు. న్యూటన్ మూడవ నియమం నోటిలోనూ చెల్లుతుంది. చర్వణకాన్ని వెనుకకు నెట్టే తొడుగు ముందు పళ్లను ముందుకు నెడుతుంది. ఎత్తుపళ్లు తగ్గాలని వచ్చినవానికి ఇది నష్టమే గదా! అందుచేత పై రదనిక నుండి క్రింది చర్వణకానికి రబ్బరు పట్టీలు తగిలిస్తారు. అప్పుడు ప్రతిచర్య మాయం కాదు. కొంత క్రింది పలువరుసపైకి మారుతుంది.

తొడుగును రోజుకు 20 నుండి 22 గంటలు ధరించాలి. వెనుక ఎముకలో చోటున్నదా, జ్ఞానదంతం అడ్డున్నదా అన్నది ఎక్స్‌రేలో చూడాలి. తెరమీది బొమ్మ పథకమే గాని ఫలితం కాదు. నెలల కాలం, పెద్ద మొత్తం వెచ్చించబోయే కుటుంబం “ప్రతిచర్యను ఏ పళ్లు మోస్తవి?” అని వైద్యుని అడగాలి. బలాల పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఈ ప్రకటననే నల్లబల్లపై గీసి, లోపించిన బాణాన్ని విద్యార్థుల చేత గీయించవచ్చు.