దర్బారు సంగీతం ఎవరి సొత్తు?

ఒక కళ ఏ కొలువులో పోషణ పొందిందో ఆ కొలువుతోపాటే అదీ కూలిపోవాలని వాదించే మిత్రులు మనలో ఇంకా ఉన్నారు. ప్రబంధాలు పాఠం చెప్పే నాకు తరగతిలోనూ ఈ వాదన తరచు ఎదురవుతుంది. టర్కీ శాస్త్రీయ వాద్యసంగీత చరిత్రను వారొకసారి పరిశీలించాలని నా మనవి. ఎందుకంటే, అక్కడ ఈ వాదన వ్యాసాలతో ఆగలేదు, ప్రభుత్వ విధానమయింది.

ఒట్టోమన్ నగర సంగీతం బైజాంటియం నుంచి వచ్చిన పరాయి సరుకనీ, జానపద బాణీలను పాశ్చాత్య పద్ధతిలో సంస్కరిస్తేనే జాతీయ సంగీతం పుడుతుందనీ 1923లో జియా గోకాల్ప్ సిద్ధాంతీకరించాడు. 1925లో దర్వేషుల మఠాలు మూతబడ్డాయి. నేయ్ అనే రెల్లు వేణువుకు శతాబ్దాలుగా ఆ మఠాలే పాఠశాలలు. 1926లో ఇస్తాంబుల్ సంగీత విద్యాలయంలో ఈ సంగీత బోధన రద్దయింది. 1934 నవంబరులో రేడియో ప్రసారం కూడా ఆగి, 1936 దాకా ఆ నిషేధం సాగింది. ఫలితమేమిటి? శ్రోతలు ముల్లును కైరో వైపు తిప్పుకున్నారు. 1952 తరువాత ఆకాశవాణి సినిమా పాటను కుదించినప్పుడు మన జనం రేడియో సిలోన్‌ను ఆశ్రయించలేదా? ప్రజల అభిరుచి ఉత్తర్వులతో మారేది కాదు.

సుల్తానుల పాలనను కూల్చడం అభ్యుదయమే; అందులో సందేహం లేదు. కాని ఆ సంగీతం సుల్తానులదేనని ఎవరు చెప్పారు? 1700 ప్రాంతంలో సుమారు 350 వాద్యరచనలను లిపిబద్ధం చేసిన కాంతెమీర్ మోల్దావియా రాకుమారుడు. పొడుగు మెడ తంత్రీవాద్యమైన తన్‌బూర్‌లో ఆయన నిపుణుడు. మూడవ సెలీమ్ సుల్తానుకు తన్‌బూర్ నేర్పిన ఇసాక్ యూదుడు. వాద్యకారులు తరతరాలు వాడుకున్న స్వరలిపిని కల్పించిన హంపార్సుమ్ ఆర్మీనియన్. కెమెంచె వాదకుడు వసీలాకి గ్రీకు. కొలువు జీతమిచ్చింది, నిజమే. ప్రాణం పోసినవారు వీరు.

ఆ కెమెంచె కథే చూడండి. ఒడిలో నిలబెట్టుకుని కమానుతో వాయించే చిన్న వాద్యమిది. తీగను వేలితో అదమరు, గోటి అంచును పక్కనుంచి ఆనిస్తారు. పందొమ్మిదవ శతాబ్దంలో దీని చోటు సారాయి అంగళ్లు, నాట్యకత్తెల మేళాలు. వసీలాకి, ఆ తరువాత జెమీల్ బే (1873–1916) దీనిని శాస్త్రీయ మేళంలో కూర్చోబెట్టారు. అంగడి వాద్యం దర్బారు సంగీతాన్ని మార్చివేసింది. పైనుంచి కిందికే సంస్కృతి ప్రవహిస్తుందనేవారు దీనికేమంటారు?

జెమీల్ బే తన్‌బూర్‌ను మీటి ఊరుకోలేదు, కమానుతోనూ పలికించాడు. ఆయన వాయించిన తక్సీమ్‌లు, అంటే తాళం లేని ఆలాపనలు, గ్రామఫోను రికార్డులలో మిగిలాయి. ఒక్కొక్కటి కొద్ది నిమిషాలే. ఆ ఇరుకులోనే ఒక రాగస్వరూపాన్ని నిలబెట్టి, పొరుగు రాగంలోకి తొంగిచూచి, తడబాటు లేకుండా తిరిగి ఇల్లు చేరతాడు. నాడు కొత్త పోకడ అయినదే నేడు వాదకులకు సంప్రదాయం.

ఈ సంగీతాన్ని బ్రతికించింది ‘మెష్క్’ అనే గురుముఖ విద్య. శిష్యుడు మోకాళ్లపై తాళం వేస్తూ రచనలను కంఠస్థం చేస్తాడు. పెష్రెవ్ అనే రచనలోని భాగాన్ని ‘హానె’ అంటారు. మన కార్ఖానా, దవాఖానాలలోని ‘ఖానా’యే అది. ఈ కట్టడాన్ని కాగితం చూపగలదు. ఒక స్వరాంతరాన్ని తొమ్మిది సూక్ష్మాంశాలుగా లెక్కించే ఈ విద్యలో ఉష్షాక్ రాగపు రెండవ స్వరాన్ని వ్రాతలో ఉన్నదానికన్న దించి వాయిస్తారు. ఎంత దించాలో గురువు చేతిని చూచి, విని నేర్వవలసిందే. తన్‌బూర్ మెట్లు కూడా మెడకు కట్టినవే, అవసరమైతే జరుపుకోవచ్చు.

కనుకనే నిషేధం తరువాత కూడా గొలుసు తెగలేదు. జెమీల్ కుమారుడు మసూద్ జెమీల్ 1938 నుంచి రేడియోలోనే శాస్త్రీయ బృందాన్ని నడిపాడు. ఆయన వద్ద నేర్చిన నెజ్దెత్ యషార్ (1930–2017), 1975లో ఇస్తాంబుల్‌లో ఏర్పడిన ప్రభుత్వ సంగీత విద్యాలయంలో బోధించాడు.

ఈనాడు ప్రమాదం మరో దిక్కునుంచి వస్తున్నది. పాత సామ్రాజ్య వైభవాన్ని తలచి మురిసేవారు ఈ సంగీతాన్ని తమ జెండాకు అలంకారం చేసుకుంటున్నారు. ఆర్మీనియన్ల, గ్రీకుల, యూదుల పేర్లు మాత్రం నెమ్మదిగా వెనక్కు నెడుతున్నారు. నిన్న నిషేధించినవారికీ, నేడు ఊరేగించేవారికీ ఒక్క విషయంలో తేడా లేదు: ఈ సంగీతం సుల్తానుదేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. అభ్యుదయ విమర్శకుడు ఒప్పుకోకూడనిది సరిగ్గా ఇదే. పోషకుని పేరు చూచి కళకు తీర్పు చెప్పడం వర్గదృష్టి కాదు. శ్రమించిన చేయి ఎవరిదో వెదకి చెప్పడం వర్గదృష్టి. తన్‌బూర్ విషయంలోనైనా, మన ప్రబంధం విషయంలోనైనా విమర్శ అక్కడనుంచే మొదలుకావాలి.