నీ రేవుకు దండం

తల్లీ వోల్గా! వాల్దాయ్ కొండల్లో చిన్న ఊటగా పుట్టి, మూడున్నర వేల కిలోమీటర్లు నడిచి, ఆస్త్రఖాన్ దాటి కాస్పియన్ సముద్రంలో కలిసేదానా! ఐరోపా నదులన్నిటికీ పెద్దక్కా! నీ మీద పాటలకు కొదవ లేదు. బరువు పడవలను భుజాన తాళ్లు వేసుకుని ఒడ్డు వెంట లాగిన కూలీలు పాడారు, నీ జనం నిన్ను అమ్మా అని పిలిచి పాడారు. నేను పాడేది నీ ఆయుష్షులో ఆరు నెలల కథ మాత్రమే. 1942 ఆగస్టు నుంచి 1943 ఫిబ్రవరి దాకా నీ పడమటి గట్టున స్టాలిన్‌గ్రాడ్ కాలుతుంటే, నువ్వు రాత్రుళ్లు మోసిన బరువు కథ.

జర్మన్లు నీ కోసం బయలుదేరలేదు, చమురు కోసం బయలుదేరారు. 1942 జూన్ 28న దక్షిణాన మొదలైన జర్మన్ దండయాత్ర చూపంతా కాకసస్ మీద ఉంది, మైకోప్, గ్రోజ్నీ, బాకూ బావుల మీద ఉంది. కానీ బాకూ చమురు కాస్పియన్ దాటి ఎగువకు వెళ్లే దారివి నువ్వు. నిన్ను తెంచితే రష్యా నరం తెగుతుంది. అందుకే నీ నీళ్లలో విమానాల నుంచి మందుపాతరలు జారవిడిచారు. అందుకే జర్మన్ సేనాని పౌలుస్ నడిపిన ఆరో సైన్యం డాన్ నది దాటి నీ వైపు తిరిగింది. గట్టు వెంట ఆరేసిన చీరలా పొడుగ్గా, సన్నగా పరుచుకున్న నగరం వాళ్లకు అడ్డం వచ్చింది. దానికి స్టాలిన్ పేరు ఉండటంతో ఇద్దరు నియంతల పంతం కూడా తోడైంది.

ఆగస్టు 23, ఆదివారం. ఆకాశం నిండా విమానాలు. కొయ్య ఇళ్ల పేటలు పేటలుగా బూడిదయ్యాయి. చమురు ట్యాంకులు పగిలి, మంట నీ మీదికే పారింది. నీళ్లు కూడా కాలతాయని జనం ఆ రోజు చూశారు. ఆ సాయంత్రానికే ఉత్తరాన రీనోక్ దగ్గర జర్మన్ ట్యాంకులు నీ ఒడ్డు చేరాయి. వాటికి ఎదురు నిలిచినవాళ్లలో విమాన విధ్వంసక ఫిరంగుల దగ్గరి ఆడపిల్లలున్నారు. బడి వదిలి ఎంతో కాలం కానివాళ్లు. ఆకాశం వైపు ఎక్కుపెట్టిన గొట్టాలను కిందికి దించి ట్యాంకుల మీద పేల్చారు, ఫిరంగులు నలిగిపోయేదాకా పేల్చారు. తల్లీ, ఆ పిల్లలు నిలిచిన నీ ఒడ్డుకు దండం.

ఇక నీ రాత్రులు మొదలయ్యాయి. పగలు నీ మీద ఈగ వాలినా తుపాకీ పేలేది. చీకటి పడ్డాక తూర్పు గట్టు కదిలేది. చేపల పడవలు, మోటారు బోట్లు, లాగుడు పడవలు, బల్లకట్లు, ఏది తేలితే అది. సెప్టెంబరు 14 రాత్రి, జర్మన్లు నగరం నడిబొడ్డులోకి వచ్చేసిన వేళ, రొదిమ్‌త్సెవ్ నడిపిన 13వ గార్డ్స్ డివిజన్ నీ మీదుగా దాటడం మొదలుపెట్టింది. సుమారు 10,000 మంది. నడి నీళ్లలోనే గుండ్లు తగిలి మునిగినవాళ్లున్నారు. గట్టు తాకినవాళ్లు ఊపిరి తీసుకోకుండా పైకెక్కి పోట్లాటలోకి దూకారు. అలా దాటినవాళ్లలో శీతకాలం చూసినవాళ్లు కొద్దిమందే.

గట్టు మీద ఏం జరిగిందో నీకు తెలియనిదేముంది! రైల్వే స్టేషన్ పొద్దున ఒకరిది, మధ్యాహ్నం ఇంకొకరిది. మామయేవ్ కుర్గాన్ గుట్ట మీద ఇనుప ముక్కలు పడీ పడీ మంచు నిలవలేదు. ధాన్యం గోదాములో యాభై మంది దాకా సిపాయిలు గోధుమ కాలుతున్న పొగలో రోజుల తరబడి నిలిచారు. సార్జెంట్ పావ్‌లోవ్ పేరు మిగిలిన నాలుగంతస్తుల ఇల్లు 58 రోజులు లొంగలేదు. అందులో రష్యన్ ఉన్నాడు, ఉక్రేనియన్ ఉన్నాడు, జార్జియన్ ఉన్నాడు, ఉజ్బెక్ ఉన్నాడు. నేలమాళిగలో పసిపాప కూడా ఉంది. 62వ సైన్యాన్ని నడిపిన చుయికోవ్ తనవాళ్లకు చెప్పిన కిటుకు ఒకటే: శత్రువుకు అంటుకుపోయి ఉండండి, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా ఉండండి, అప్పుడు పైనుంచి బాంబు వెయ్యాలంటే వాళ్లవాళ్ల మీదే వేసుకోవాలి. అలా యుద్ధం దేశాల మధ్య నుంచి గదుల మధ్యకు, మెట్ల మధ్యకు దిగింది. ట్రాక్టర్ ఫ్యాక్టరీ, బారికాడీ ఫిరంగుల ఫ్యాక్టరీ, రెడ్ అక్టోబర్ ఉక్కు కర్మాగారం, ఒక్కో యంత్రం చాటున ఒక్కో సరిహద్దు.

నవంబరు నాటికి నగరంలో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు పోయాయి. మిగిలింది నీ తడి తగిలే గట్టు అంచు. వోల్గా అవతల మాకు నేల లేదని సిపాయిలు చెప్పుకున్నారు. కానీ వాళ్లు తిన్న రొట్టె అవతలి నేలదే. వాళ్ల నెత్తి మీదుగా పేలి కాపాడిన పెద్ద ఫిరంగులు అవతలి నేల మీదివే. వాళ్ల గాయాలకు కట్టు కట్టిన ఆసుపత్రులూ అవతలివే. ఈ రెండు గట్లనూ కలిపి ఉంచింది నువ్వు. ఇటు వచ్చేటప్పుడు తూటాలు, రొట్టెలు, మనుషులు. అటు వెళ్లేటప్పుడు క్షతగాత్రులు. గసీతెల్ అనే చిన్న పడవ ఉండేది. మంటలార్పడానికి పుట్టిన పడవ. మంటలార్పింది, మనుషులను దాటించింది, అక్టోబరులో తూట్లుపడి మునిగింది. తర్వాత దాన్ని పైకి తీసి నీ గట్టు మీద స్మారకంగా నిలబెట్టారు. ఫిరంగులకు, ట్యాంకులకు విగ్రహాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. పడవకు గుడి కట్టినట్టు చోటిచ్చిన గట్టు నీది. ఆ పడవకు దండం.

అన్నిటికన్నా కష్టమైన రోజులు నీకు మంచు పలుకులు కట్టిన రోజులు. నవంబరులో గడ్డకట్టీ కట్టక, పెళ్లలు పెళ్లలుగా పారే మంచులో పడవ నడవదు, కాలు నిలవదు. అప్పుడే బారికాడీ వెనక ల్యుద్నికోవ్ డివిజన్ మూడు వైపులా శత్రువు, నాలుగో వైపు నువ్వుగా చిక్కుకుంది. డిసెంబరు మధ్యలో నువ్వు పూర్తిగా గట్టిపడ్డావు. అప్పుడు నీ వీపే బాటైంది, బళ్లు నడిచాయి.

నిన్ను పొగుడుతూ అబద్ధం చెప్పలేను. ఒక్క అడుగు కూడా వెనక్కి వద్దన్న జూలై 28 నాటి 227వ ఉత్తర్వు వెనక, సొంత సిపాయిల వీపులకు గురిపెట్టిన తుపాకులున్నాయి. శిక్షాదళాలున్నాయి, కాల్చివేతలున్నాయి. బాంబులు పడేదాకా జనాన్ని పెద్దఎత్తున దాటించలేదు. పడ్డాక దాటిస్తుంటే, ఆడవాళ్లూ పిల్లలూ నిండిన నౌకలు నీ కడుపులోకే పోయాయి. ఈ ఒక్క పోరులో సోవియట్ పక్షాన చనిపోయినవాళ్లు, జాడ తెలియనివాళ్లు దాదాపు 4 లక్షల 80 వేల మంది. వాళ్లందరూ పాట పాడుతూ చావలేదు. భయపడుతూ నిలిచినవాళ్లకు ఎక్కువ దండాలు.

నవంబరు 19 తెల్లవారుజామున, మంచు పొగలో, ఉత్తరాన డాన్ ఒడ్డు నుంచి సోవియట్ ఎదురుదాడి మొదలైంది. మరునాడు దక్షిణం నుంచి. ఆ దక్షిణపు దళాల మనుషులను, ట్యాంకులను కూడా రాత్రుళ్లు గుట్టుగా దాటించింది నువ్వే. నవంబరు 23న రెండు కొనలు కలాచ్ దగ్గర కలిశాయి. ముట్టడించినవాళ్లే ముట్టడిలో పడ్డారు, రెండున్నర లక్షల మందికి పైగా. వాళ్లకు రోజుకు కనీసం 300 టన్నుల సరుకు కావాలి. విమానాలతో తెచ్చిపోస్తానని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ మాటిచ్చాడు. సగటున చేరింది మూడో వంతు. వాళ్లకు ఆకాశం ఉంది గాని నీలాంటి నది లేదు.

శత్రువు ఆకలి కూడా ఆకలే. ఆ క్రిస్మస్‌కు కుర్ట్ రొయిబర్ అనే వైద్యుడు, మతబోధకుడు కూడా, రష్యన్ పటం వెనక బొగ్గుతో బిడ్డను పొదువుకున్న తల్లిని గీశాడు. బొమ్మ విమానంలో ఇల్లు చేరింది. అతను చేరలేదు; 1944లో బందీల శిబిరంలో పోయాడు. ఖైదైన సుమారు 91,000 మందిలో ఇళ్లకు తిరిగి వెళ్లింది ఐదారు వేల మంది. నగరం బయట రొసోష్కాలో జర్మన్ల సమాధులు, సోవియట్ సిపాయిల సమాధులు ఇప్పుడు దగ్గర దగ్గరే ఉన్నాయి.

జనవరి 31న పౌలుస్ ఒక దుకాణం నేలమాళిగలో లొంగిపోయాడు, ఫీల్డ్ మార్షల్ బిరుదు అందిన మర్నాడే. ఫిబ్రవరి 2న చివరి తుపాకీ ఆగింది. పసిఫిక్‌లో మిడ్వే, ఈజిప్టులో ఎల్ అలమైన్, ఇక్కడ స్టాలిన్‌గ్రాడ్: ఎనిమిది నెలల్లో మూడు చోట్ల యుద్ధం వెనక్కి తిరిగింది. వాటిలో మనుషులను ఎక్కువగా మింగిందీ, హిట్లర్ సేనకు మళ్లీ పూడ్చుకోలేని గండి పెట్టిందీ నీ గట్టే. ఆ ఫిబ్రవరిలోనే మన తెలుగునాట, తెనాలిలో అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగింది. రష్యాను గర్జించమన్న శ్రీశ్రీ తరం అది. వాళ్లు జెండాను చూసి పాడారు, అది ఆనాటి అవసరం. నేను పడవను చూసి పాడుతున్నాను.

స్టాలిన్‌గ్రాడ్‌లో నిలిచిన చుయికోవే 1945 మే 2న బెర్లిన్ దండు లొంగుబాటు అందుకున్నాడు. ఆ దారి నీ రేవులో మొదలైంది. చదువరీ, యుద్ధ చరిత్ర పుస్తకంలో పటం మీది బాణం గుర్తులు చూసి ఆగిపోకు. సేనానుల పేర్లు గుర్తుపెట్టుకో, తప్పులేదు. కానీ ఆ రాత్రి రొట్టె ఎవరు తెచ్చారు, తూటా ఎవరు మోశారు, దెబ్బ తిన్నవాణ్ణి ఎవరు దాటించారు అని కూడా అడుగు. స్టాలిన్‌గ్రాడ్‌ను నిలబెట్టింది వాళ్లే.