రెండో ఏడాది ఎవరొస్తారు

తలలో నరం చిట్లి, ఆస్పత్రి నుంచి ప్రాణాలతో ఇంటికొచ్చిన మనిషిని చూడటానికి మా బందరు ప్రాంతంలో జనం బాగానే వస్తారు. గుడివాడ నుంచి వియ్యాలవారు, అవనిగడ్డ నుంచి మేనత్త పిల్లలు, వీధిలో అందరూ. బత్తాయిలు, కొబ్బరిబోండాలు, హార్లిక్స్ సీసాలు. మంచం చుట్టూ కుర్చీలు చాలవు. మూడు వారాలు దాటేసరికి రాకపోకలు పలచబడతాయి. ఆరో నెలకి గుమ్మం ముందు ఇంట్లోవాళ్ల చెప్పులే మిగులుతాయి. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, ఎవరి కోతలు వాళ్లవి, ఎవరి డ్యూటీలు వాళ్లవి. కానీ ప్రాణభయం తీరి, ఈ చెయ్యి ఇక ఇంతేనా అన్న ప్రశ్న పట్టుకునేది ఆ తర్వాతే. ఆ ప్రశ్నకి డాక్టరు దగ్గర పూర్తి జవాబుండదు, భార్య దగ్గరా ఉండదు. అదే దారిలో మనకంటే రెండేళ్లు ముందు నడిచిన మనిషి దగ్గర కొంత ఉంటుంది. అలాంటివాళ్లు ఒకరి పక్కన ఒకరు కూచోవడం కూడా వైద్యంలో భాగమేనని నా గట్టి నమ్మకం. అదీ నేర్చుకుని చెయ్యాల్సిన పనే.

నా దగ్గరికి అలా వచ్చినాయన ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు. నాకంటే ముందే ఆయనకి నాలాగే కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. వచ్చినవాళ్లంతా మంచానికి కుడిపక్కన కూచుని మాట్లాడేవాళ్లు. ఆయన కర్ర తలుపుకి ఆనించి, కుర్చీ నా ఎడమపక్కకి వేయించుకున్నారు. కుడివైపున్నవి నాకు సరిగా ఆనడం లేదన్న సంగతి అప్పటికి నేను ఇంట్లో కూడా చెప్పలేకపోయాను. ఎలా ఉందని అడగలేదు, ధైర్యంగా ఉండమని చెప్పలేదు.

"రాత్రిళ్లు బాత్‌రూమ్‌కి ఎలా వెళ్తున్నారు మాస్టారూ?" అన్నారు.

అంతమంది వచ్చి వెళ్లారు, ఆ మాట ఒక్కరూ అడగలేదు. నాకు ఆ రోజుల్లో అంతకు మించిన సమస్య లేదు. మా ఇంట్లో నేలమీద కూచునే పాత దొడ్డి. కొత్తది కట్టించే లోపల ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించి దానిమీద వేయించుకోమని, తలుపు పక్క గోడకి నడుమెత్తున జీఐ పైపు బిగించమని మా అబ్బాయికి చెప్పారు. తర్వాత లేచి గడప దగ్గర నిలబడి చూపించారు: ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు జబ్బుకాలు ముందు. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు చెప్పిందీ ఇదే. ఆవిడ చెప్పినప్పుడు చెవిన పడింది, ఈయన చేసి చూపించినప్పుడు కాలికి ఎక్కింది. మా అబ్బాయి నన్ను లేపడానికి చెయ్యి పట్టి లాగబోతే, "భుజం జారిపోద్ది బాబూ, చెయ్యి వదిలెయ్యి, నడుం దగ్గర పట్టుకో" అన్నారు. పావుగంట కాగానే లేచారు. ఇంకాసేపు కూచోమంటే, "మీకు అలసటొస్తది, నాకు తెలుసు" అన్నారు.

ఆ అలసట గురించి కాస్త చెప్పాలి. మెదడు దెబ్బతిన్న మనిషికి వచ్చే అలసట పొలంలో పనిచేసినప్పటి అలసట లాంటిది కాదు. స్నానం చేసి చొక్కా తొడుక్కుంటే చాలు, ఆ రోజు బలమంతా అయిపోతుంది. ఇంట్లో టీవీ, వంటింట్లో కుక్కరు, పక్కన ఇద్దరి మాటలు ఒక్కసారి వినపడితే తల పనిచెయ్యడం మానేస్తుంది. చూసేవాళ్లకి అది బద్ధకంలా కనిపిస్తుంది. అమెరికాలో జిల్ బోల్టే టేలర్ అని మెదడు నిర్మాణాన్నే చదువుకున్న శాస్త్రవేత్త ఉన్నారు. 1996 డిసెంబరు 10న, 37 ఏళ్ల వయసులో, ఆవిడకే ఎడమ మెదడులో రక్తస్రావమైంది. పూర్తిగా కోలుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టిందని ఆవిడే రాసుకున్నారు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో వేగంగా బాగవుతుందన్న మాట నిజమే. ఆ మాట విని, ఆరు నెలలు దాటాక ఇంకేమీ రాదని ఆశ వదులుకుని మంచమెక్కినవాళ్లని నేను చాలామందిని చూశాను. ఆ తర్వాత కూడా వస్తుంది, మెల్లగా. ఈ మాట డాక్టరు చెబితే ఓదార్పులా వినిపిస్తుంది. మూడో ఏడాదిలో బొత్తాం పెట్టుకోవడం వచ్చిన మనిషి వచ్చి పెట్టి చూపిస్తే నమ్మకం కలుగుతుంది.

మన తెలుగువాళ్లకి కుడిచెయ్యి పడిపోతే పోయేది పని ఒక్కటే కాదు. ఎడంచేత్తో అన్నం తినాలి. పెళ్లి బంతిలో కూచుంటే పక్కవాళ్లు చూస్తారు. డబ్బు ఎడంచేత్తో ఇవ్వాలి, ప్రసాదం ఎడంచేత్తో పట్టాలి. ఈ సిగ్గుతోనే శుభకార్యాలకి వెళ్లడం మానేసినవాళ్లున్నారు. మా చిలకలపూడి పాండురంగస్వామి గుడిలో, 1929లో భక్త నరసింహం గారు కట్టించిన గుడిలో, పండరిపురంలోలాగే భక్తులు లోపలికెళ్లి స్వామి పాదాలు తాకొచ్చు. కార్తీకంలో సముద్రస్నానానికి మంగినపూడి వెళ్లే జనమంతా ఆగే చోటు. ఈ జబ్బుతో ఒకరి పక్కన ఒకరు కూచునే మాలో ఒకాయన ఏడాదిన్నర ఆ గడప తొక్కలేదు, స్వామి పాదాలకి ఎడంచెయ్యి ఎలా తగిలించను అని. కండక్టరుగారు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లారు. మంచిచేతి వేళ్లు జబ్బుచేతి వేళ్లలోకి జొనిపి, రెండు చేతులూ కలిపి ముందుకి చాపమన్నారు. ఫిజియోథెరపీలో రోజూ చేయించే వ్యాయామమే అది, భుజం బిగుసుకుపోకుండా. అలా జోడించిన రెండు చేతులతో ఆయన పాదాలు తాకారు. బయటికొచ్చి మెట్ల మీద ఏడ్చారు. ఆ ఏడుపుని ఎవరూ ఆపలేదు. మెదడుకి దెబ్బ తగిలాక ఏడుపూ నవ్వూ ఒక్కోసారి మన చేతిలో ఉండవు. ఊరుకోమంటే ఇంకా పెరుగుతుందని మాకందరికీ అనుభవమే.

ఇంకొకరి సంగతి. మా ఊరు రోల్డుగోల్డు నగలకి పేరు. రాగి మీద బంగారు పూత, ఇంటింటా ఒక పని: ఒకరు గొలుసు అల్లితే, ఒకరు రాళ్లు పొదుగుతారు, ఒకరు మెరుగు పెడతారు. నలభై దాటిన ఓ రాళ్లు పొదిగే పనివాడికి తలలో రక్తస్రావమైంది. ఎవరో చెప్పారని రోజంతా రబ్బరుబంతి నొక్కేవాడు, పిడికిలి ఇంకా బిగుసుకుపోయింది. అతనికొచ్చిన కష్టం పట్టుకోవడంలో కాదు, వదలడంలో. బిగుసుకుపోయే చేతికి వేళ్లు తెరవడం నేర్పాలని ఫిజియోథెరపిస్టు చెప్పాక, అతని పెట్టెలోని రాళ్లే తెచ్చి పళ్లెంలో పోశాం. ఎర్రరాయి తీసి ఎర్రవాటి గిన్నెలో, తెల్లరాయి తెల్లవాటి గిన్నెలో వెయ్యాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎర్రరాయి ఇరుక్కుపోతే, గిన్నె మీద చెయ్యి చాపి, అది జారిపడేవరకు ఊపిరి బిగబట్టి చూసేవాడు. రాయి పడ్డ చప్పుడుకి మేం తలెత్తేవాళ్లం. అతను మళ్లీ రాళ్లు పొదుగుతున్నాడని రాయగలిగితే బాగుండేది, అది రాలేదు. ఇప్పుడు తయారైన సరుకు చూసి, మెరుగు సరిగా పట్టనివి పక్కకి తీసి, డజన్లు కట్టే పని చేస్తున్నాడు. కూలి తక్కువే. పనికైతే వెళ్తున్నాడు.

మాట పడిపోయినవాళ్లతో కూచోవడం అన్నిటికంటే కష్టం. మనసులో మాట ఉంటుంది, నోటికి రాదు. మనం అందించబోతాం. అందిస్తే ఆ మనిషి ఆగిపోతాడు. అడిగేవరకు మాట అందించకుండా ఉండటం నేర్చుకోవాలి, అవునూ కాదూ అని చెప్పగలిగేలా చిన్న ప్రశ్నలు వెయ్యాలి. మాటలు రానివాళ్లలో కొందరికి పాట వస్తుందన్నది వైద్యులకి ఎప్పటినుంచో తెలుసు. మాటకి ఎక్కువగా ఎడమ మెదడు ఆధారం, పాటలో కుడి మెదడుకి పెద్ద పాలుంది. భార్యని పేరుపెట్టి పిలవలేని మనిషి మా వీధి భజనలో విఠలనామం అందరితో కలిపి పలకడం నేను విన్నాను. స్వీడన్ కవి టోమస్ ట్రాన్‌స్ట్రోమర్‌కి 1990లో స్ట్రోక్ వచ్చి కుడివైపు చచ్చుబడింది, మాట చాలావరకు పోయింది. ఆయన ఎడంచేత్తో పియానో వాయించుకుంటూ బతికారు. 2011లో సాహిత్యానికి నోబెల్ అందుకున్నారు.

ఈ పనిలో ప్రమాదమూ ఉంది, దాచకూడదు. బయటికి అందరిదీ పక్షవాతమే. లోపల రెండు రకాలు. ఒకరికి రక్తనాళం పూడుకుపోతుంది, ఇంకొకరికి చిట్లుతుంది. చిట్లడానికి చాలామందిలో కారణం ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ, మెదడు లోతుల్లో సన్నని ధమనులు ఆ ఒత్తిడికి పాడవుతాయి. పూడుకుపోయినవాళ్లకి రక్తం గడ్డకట్టకుండా మాత్రలిస్తారు. అవే మాత్రలు చిట్లినవాడు డాక్టరుకి చెప్పకుండా వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. "మావారికి ఇది బాగా పనిచేసింది, నాలుగు బిళ్లలు పట్టుకెళ్లండి" అని ప్రేమతోనే ఇస్తారు. అందుకే మేం మాత్రల పేర్లు ఎత్తం. పావురం రక్తం పూయించారా అని అడిగేవాళ్లని మా మధ్య కూచోనివ్వం. బాగుందని బీపీ మాత్ర మానేస్తానన్నవాడిని మాత్రం వదలం. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతి, మత్తు, కొత్తగా మూతి వంకర పోవడం, ఇవి కనిపిస్తే ఏ కబుర్లూ లేకుండా 108కి ఫోన్. స్ట్రోక్ వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఏదో ఒక దశలో డిప్రెషన్ వస్తుంది. బతకాలని లేదన్నవాడి మాట మన దగ్గరే దాచుకోకూడదు. ఇంట్లోవాళ్లకీ డాక్టరుకీ చెప్పాలి. టెలిమానస్ నంబరు 14416 ఏ వేళకైనా పలుకుతుంది.

ఎవరి చెయ్యి ఎంత లేచిందని పోల్చకపోవడం ఇంకో నియమం. రక్తం ఎక్కడ చిమ్మింది, ఎంత చిమ్మింది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది, పట్టుదలని బట్టి మాత్రమే కాదు. త్వరగా లేచినవాడు తన పట్టుదల గురించి చెప్పడం మొదలుపెడితే, లేవలేనివాడు తనకది లేదనుకుంటాడు. అది నేను అన్యాయం అనే అంటాను.

దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన పెద్దలు కొందరు నాకు తెలుసు. ఆ రాత్రి సంగతులు వాళ్లు పిల్లలకి కూడా ముక్తసరిగానే చెబుతారు. ఆ నీళ్లలో ఈదిన ఇంకో మనిషి ఎదురైతే గంటలు గడుస్తాయి. పట్టుకున్న చెట్టు పేరు చెబితే చాలు, మిగతాది విడమర్చక్కర్లేదు. మాకూ అంతే.

ఇక భార్యలు. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మంది స్ట్రోక్ రోగులతో అటెండ్ అనే అధ్యయనం జరిగింది. ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. సగం మంది ఇళ్లల్లోవాళ్లకి వ్యాయామాలు నేర్పి పంపారు. ఆరు నెలలకి చూస్తే, మామూలు వైద్యంతో ఇంటికెళ్లినవాళ్లకీ వీళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంట్లోవాళ్లు చేసింది వృథా అని దీని అర్థం కాదు. వాళ్లు అప్పటికే అంతా చేస్తున్నారు: స్నానం, తిండి, మాత్రలు, దొడ్డి, మధ్యలో కూలి. ఆ ఇల్లాలి నెత్తిన ఇంకో బరువు పెట్టి వైద్యం ఇంటికి చేరిందనుకుంటే కుదరదనే నాకు అర్థమైంది. మా ఆవిడకి ఊరట దొరికింది కండక్టరుగారి భార్య దగ్గరే. "ఆయన విసుక్కుంటే మీ మీద కోపం కాదు వదినా, మెదడు మీద కోపం" అని ఆవిడ చెప్పిన రోజు రాత్రి మా ఆవిడ నిద్రపోయింది. డ్వాక్రా సంఘంలో నెలనెలా కూచుని లెక్కలు చూసుకోవడం అలవాటైన ఆడవాళ్లకి ఇలా కూచోవడం కొత్త విద్యేమీ కాదు, చోటూ వేళా కావాలంతే.

బ్రిటన్‌లో, వయసులో ఉండగా స్ట్రోక్ వచ్చినవాళ్లు తమకోసం తామే నడుపుకునే డిఫరెంట్ స్ట్రోక్స్ అనే సంస్థ 1996లో మొదలైంది. మనకి అంత పెద్దది అక్కర్లేదు. బందరులో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, 2023 నుంచి మెడికల్ కాలేజీ ఉంది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 2024 నుంచి నెలకి 15,000, మిగతా దివ్యాంగులకి 6,000 పింఛను వస్తోంది. అది పెద్ద ఆసరా. ఫిజియోథెరపీ విభాగంలో వారానికో పూట ఒక గది వదిలి, చేతులున్న కుర్చీలు నాలుగు వేసి, పక్కనే పైపు బిగించిన మరుగుదొడ్డి ఉండేలా చూస్తే మిగతాది మేం చూసుకుంటాం. కొత్తగా డిశ్చార్జి అయిన ప్రతి కుటుంబానికీ ఆ గది చూపించి పంపమని ఆస్పత్రివాళ్లని అడుగుతున్నాను.

ఈలోగా బందరు, పెడన, గూడూరు, గుడివాడ, దివిసీమ వైపు ఈ జబ్బుతో రెండేళ్లు దాటినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ వీధిలో ఆరు నెలల క్రితం ఇంటికొచ్చిన మనిషి దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి, మధ్యాహ్నం నిద్ర ఎన్నింటికి లేస్తారో కనుక్కోండి.