బరువంతా బయటే

రాతి కప్పు కిందికి నొక్కి ఊరుకోదు. గోడలను పక్కకు తోస్తుంది కూడా. ఆ తోపుడుకు తట్టుకోవాలంటే గోడ లావెక్కాలి, కిటికీ చిన్నదవ్వాలి. 12వ శతాబ్దం దాకా యూరప్‌లోని పెద్ద రాతి చర్చిలు చాలావరకు అందుకే చీకటిగా ఉండేవి.

పారిస్ దగ్గరి సెయింట్ డెనీ మఠాధిపతి సుజేర్‌కు ఆ చీకటి నచ్చలేదు. దేవుడి సన్నిధి వెలుగుతో నిండాలని పట్టుబట్టాడు. ఆయన కట్టించిన కొత్త భాగానికి 1144 జూన్‌లో ప్రతిష్ఠ జరిగింది. గోతిక్ శైలి అక్కడే మొదలైందంటారు. మొనదేలిన కమాను, పక్కటెముకల్లాంటి రాతి బద్దెల కప్పు అంతకుముందే విడివిడిగా ఉన్నాయి. వాటిని వెలుగు కోసం ఒకచోట కలపడమే అక్కడి ఘనత. సుజేర్ ఈ నిర్మాణం గురించి పుస్తకాలే రాశాడు గానీ మేస్త్రీ పేరు ఎక్కడా చెప్పలేదు. నాకది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

గోతిక్ మేస్త్రీల పనితనం చూడండి. మనవాళ్లు స్లాబుకు సెంట్రింగ్ కొట్టినట్టే వాళ్లూ ముందు చెక్క చట్రం నిలబెట్టేవాళ్లు. దాని మీద బద్దెల రాళ్లు పేర్చి, నడినెత్తిన చివరి రాయి బిగించి, మధ్య ఖాళీలను తర్వాత పూడ్చేవాళ్లు. మొనదేలిన కమాను గుండ్రటిదానికంటే పక్కకు తక్కువ తోస్తుంది. మిగిలిన తోపుడును బద్దెలు స్తంభాల తలల దగ్గరికి చేరుస్తాయి. సరిగ్గా అక్కడ, బయటి నుంచి ఒక రాతి వంపు వచ్చి ఆనుకుంటుంది. అదే ఫ్లయింగ్ బట్రెస్. తోపుడును అందుకుని, ఎడంగా నిలిచిన రాతి దిమ్మె మీదుగా నేలకు దింపుతుంది. దిమ్మె నెత్తిన ఉండే చిన్న శిఖరం అలంకారంలా కనిపిస్తుంది కానీ, తన బరువుతో దిమ్మెను అదిమి పట్టేది అదే. ఇక స్తంభాల మధ్య గోడకు మోసే పని లేదు. అక్కడంతా రంగుటద్దాలు పెట్టేశారు. ఫ్రాన్స్‌లోని షార్త్ర్ చర్చిలో నీలం కాంతి అలా సాధ్యమైంది.

ఈ శైలి 19వ శతాబ్దంలో మళ్లీ ఊపందుకుని మన దాకా వచ్చింది. మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. అక్కడి కిటికీల ముందు నేనూ గంటలు గడిపాను.

పాత గోతిక్ సాహసాలన్నీ మాత్రం నిలవలేదు. ఫ్రాన్స్‌లోనే బోవేలో 48 మీటర్ల ఎత్తున కప్పు వేస్తే 1284లో కొంత కూలింది. స్తంభాలు పెంచి మళ్లీ కట్టారు. తర్వాత లేపిన గోపురం 1573లో పడిపోయింది.

2019 ఏప్రిల్‌లో పారిస్‌లోని నోత్రదాం చర్చి కాలినప్పుడు రాతి కప్పులో చాలా భాగం నిలిచింది. కొంత కూలడంతో తోపుడు లెక్క తప్పుతుందన్న భయంతో నిపుణులు దాని ఫ్లయింగ్ బట్రెస్‌ల కింద చెక్క చట్రాలు బిగించారు. 2024 డిసెంబర్‌లో చర్చి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. పారిస్ వెళ్లే తెలుగువాళ్లకు ఒక్క మాట: ముందు వైపు ఫోటో దిగాక తూర్పున సేన్ నది వంతెన మీదికి నడవండి. లోపలి వెలుగుకు ఆధారమైన రాళ్లు అక్కడి నుంచే బాగా కనిపిస్తాయి.