రొదతోపాటు శ్రుతియు పోవునా?

ఇంటిలో కంప్యూటరు నెదుట కూర్చుండి పాటను ధ్వనిముద్రణము చేయుట నేడు హైస్కూలు విద్యార్థులకు సైతము సాధ్యమైనది. కాని ముద్రించిన పాటను తిరిగి వినినప్పుడు దాని వెనుక ఫ్యాను గాలిచప్పుడు, విద్యుత్తు పరికరముల గుయ్యిమను మ్రోత వినవచ్చును. ఈ రొదను తరువాత తగ్గించుటకు సాధనములు కలవు. వానిలో మిక్కిలి ప్రచారము పొందినది ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరమున విడుదలయ్యెను. ఇది ఉచితము. కనుకనే పాఠశాలలకు అనుకూలము. ఇందులోని రొద తగ్గించు విభాగము మన సంగీతమునకు ఎంతవరకు తగునో విచారింతము.

మొదట రొద మాత్రమే యున్న కొద్ది క్షణముల భాగమును ఈ సాధనమునకు చూపవలెను. అది ఆ ధ్వనిని ఫోరియర్ గణితము ననుసరించి అనేక పౌనఃపున్య భాగములుగా విడదీసి, ఏ భాగములో రొద ఎంత బలముగా నున్నదో గుర్తించును. పిమ్మట పాటనంతటిని అట్లే విడదీయును. ప్రతి భాగమునకు ఒక ద్వారమున్నదనుకొనుడు. రొద హద్దును మించిన ధ్వనికి ద్వారము తెరచుకొనును; మించని ధ్వని అణగిపోవును.

ఈ పద్ధతిలోని గుణమును ముందుగా ఒప్పుకొనవలెను. ఉపన్యాసమునకు, పాఠమునకు ఇది చక్కగా ఉపకరించును. ఈ కోవకు చెందిన పద్ధతిని 1979లో స్టీవెన్ బోల్ ప్రకటించినది మాటల ధ్వని కొరకే. మాట క్షణక్షణము మారును, నడుమ విరామములు ఉండును; ఫ్యాను చప్పుడు ఒకే తీరున సాగును. మారునది మాట, మారనిది రొద అను భావముపైననే ఈ పద్ధతి ఆధారపడినది.

అట్లయినచో తంబుర మాట ఏమి? కచ్చేరి మొదటినుండి చివరివరకు మారక మ్రోగుటయే దాని ధర్మము. దాని నాదమునకు నిండుదనమిచ్చునవి మూలస్వరమునకు రెండు, మూడు, నాలుగు రెట్లుగా పైకి పోవు అనుస్వరములు. 1921లో చంద్రశేఖర వేంకట రామన్ మన తంబుర, వీణలను పరిశీలించి, తీగను మీటిన చోటునుబట్టి లేకుండ పోవలసిన అనుస్వరములు సైతము వీనిలో బలముగా వినవచ్చునని చూపెను. తీగలు ఆనియుండు గుఱ్ఱము వెడల్పుగా వంపుదేరి యుండుట ఇందుకు కారణము. తంబురలో దానిపై నూలుపోగును కూడ ఉంచుదురు.

మీటిన పిమ్మట ఈ అనుస్వరములు క్రమముగా సన్నగిల్లి రొద హద్దును చేరును. అక్కడ ద్వారము మూతపడుచు తెరచుకొనుచు నుండుటచే చిరుగంటల గలగల వంటి కృత్రిమధ్వని పుట్టును. ఇంజనీర్లు దీనిని సంగీతరవ మందురు. వీణ గమకము చివరి నాదమునకును ఇదే గతి పట్టును. తంబుర మ్రోగుచుండగా రొద నమూనాను తీసినచో కీడు మరింత ఎక్కువ. సాధనము తంబురనే రొదగా నెంచును.

విద్యుత్తు మ్రోతను కత్తిరించు ఫిల్టర్ల విషయమునను జాగ్రత్త అవసరము. మన దేశమున విద్యుత్తు పౌనఃపున్యము 50 హెర్ట్‌జులు. కావున మ్రోత 50, 100, 150 హెర్ట్‌జుల వద్ద వినవచ్చును. రెండు శ్రుతిలో పాడు పురుషుని ఆధారషడ్జము సుమారు 147 హెర్ట్‌జులు. 150 వద్ద కొంచెము వెడల్పుగా కత్తిరించినచో ఆ షడ్జమే బలహీనపడును.

కనుక రొదను పాటలో చేరకముందే తగ్గించుట మేలు. దూరము సగమైనప్పుడెల్ల గాయకుని నుండి మైక్రోఫోనుకు నేరుగా చేరు ధ్వని సుమారు 6 డెసిబెల్లు పెరుగును. 60 సెంటీమీటర్ల దూరమును 15కు తగ్గించినచో 12 డెసిబెల్ల లాభము. గదిలోని రొద మాత్రము పెరుగదు. ముందువైపు ధ్వనినే ఎక్కువగా గ్రహించు మైక్రోఫోను అయినచో దాని వీపును కంప్యూటరు వైపునకు త్రిప్పవలెను. ల్యాప్‌టాపును చార్జరునుండి విడదీసినచో మ్రోత తరచుగా తగ్గును. వేసవిలో ఫ్యాను ఆపి పాడుట కష్టమే. అయినను ఒక్క కృతి ముగియువరకు ఓర్చుకొనుట, పోయిన నాదమును వెదకుకొనుటకంటె సులభము.

అప్పటికిని మిగిలిన రొదకు ఆడాసిటీని మితముగా వాడవచ్చును. మొదటి ముద్రణ ప్రతిని మాత్రము చెరపరాదు. ఈ సాధనములో మెచ్చదగిన మరియొక సదుపాయము కలదు. 'రెసిడ్యూ' అను ఎంపికను నొక్కినచో తీసివేయబడు ధ్వని మాత్రమే వినిపించును. ఉపాధ్యాయులు తరగతిలో దీనిని విద్యార్థులకు వినిపింతురు గాక. అందులో గాలిచప్పుడు మాత్రమే యున్నచో సాధనము తన పని చేసినట్లే. సన్నగానైనను తంబుర వినబడినచో, తగ్గింపు మోతాదును వెనుకకు త్రిప్పి మరల వినవలెను.